ఎర్ర మీట

అప్పన్న మావ నా కొట్టు మెట్లెక్కడం చూసి సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గు పీకేశాను. కరెంటు లేదనో, చేతినిండా పని ఉందనో చెప్పి పంపేద్దామనుకున్నాను. ఆరేళ్ళుగా ఆయనతో మాకు మాటల్లేవు.

ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు, ఆమెని అప్ప అంటాడు; నేను మేనకోడల్ని. మా నాన్న సూర్యం సముద్రంలో పడిపోయిన రోజు బోటులో ఉన్న రెండో మనిషి ఆయనే. శవం దొరకలేదు. ఎక్కడ పడిపోయాడో ఆ చోటు ఒక్కటి చెప్పమని అమ్మ కాళ్ళావేళ్ళా పడింది. నీళ్ళలో చోటేమిటి, ఎక్కడని చెప్పను అని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత బోటూ ఆయనదే అయింది, వలా ఆయనదే అయింది.

అమ్మ కోరిక పెద్దదేం కాదు. నాన్న పోయిన చోట ఒక కొబ్బరికాయ, ఇన్ని పూలు, ఒక ముద్ద అన్నం వదలాలి. చోటు తెలీదు గనక ఏటా ఒడ్డునే వదులుతుంది. కెరటం కొబ్బరికాయని తిరిగి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పారేస్తుంది. అమ్మ మళ్ళీ విసురుతుంది, అది మళ్ళీ వస్తుంది. చివరికి చీకటిపడే వేళ ఆ కాయని ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో పెడుతుంది. చూడలేక నేను ఒడ్డుకి వెళ్ళడం మానేశాను. కాశీబుగ్గలో ఈ రిపేరు కొట్టు పెట్టుకుని, టీవీలూ మిక్సీలూ బాగుచేసుకుంటూ నా బతుకు నేను బతుకుతున్నాను.

మావ గోనెసంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. చూడగానే పోల్చుకున్నాను. అది నాన్నది. విశాఖ హార్బర్లో ముక్కలు కొడుతున్న పెద్ద బోటు కేబిన్‌లోంచి ఊడదీసిన జీపీఎస్. దాన్ని చేసిన కంపెనీ ఆ రకం చెయ్యడం మానేసి ఎన్నో ఏళ్ళయింది.

మా ఊళ్ళో ఎవరి చేపల బండలు వాళ్ళకి ఉంటాయి. నీళ్ళడుగున రాళ్ళున్న చోట చేప చేరుతుంది. ఆ చోటు మళ్ళీ దొరకాలంటే ఒడ్డునున్న ఫలానా కొబ్బరి మొవ్వునీ, దాని వెనకాల కొండనీ ఒక వరసలో కలిపి గురి చూసుకునేవారు. ఒకరి గురి మరొకరికి చెప్పరు. కాగితం మీద అసలు రాయరు, రాస్తే దొంగ చేతికి ఇచ్చినట్టే అనుకుంటారు. తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరంతా నేలకూల్చినప్పుడు గురులన్నీ దాంతోనే పోయాయి. నాన్న అంతకు ముందే ఈ పెట్టె కొని తన బండలన్నీ అందులో గుర్తులుగా దాచాడు కాబట్టి మా బోటు మాత్రం బతికింది. ఆ మరుసటి ఏడాది నాన్న పోయాడు.

పలాసలో ఇద్దరు మెకానిక్కులు కాదన్నారట. విశాఖలో కొట్టువాడు సముద్రంలో పారెయ్యమన్నాడట. ఇక వేరే దిక్కు లేక వచ్చానని మొహమాటం లేకుండా చెప్పాడు. పదకొండు రోజులుగా బోటు ఇసకలోనే ఉందన్నాడు. ఉండనీ, నాకేం అనుకున్నాను. కానీ నాన్న పెట్టె కదా, చెయ్యి ఊరుకోలేదు. వెనక్కి తిప్పి చూశాను.

వెనకాల సాకెట్టులో ఎనిమిది పిన్నులు. కరెంటు వెళ్ళే పిన్ను మొదలంటా విరిగిపోయింది. మిగిలినవి పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. ఆ చిలుము కింద మరో రంగు కనిపించింది. సూదితో గీకి వాసన చూశాను. పసుపు.

ఏటా గంగమ్మ పూజకి బోటుకీ, వలకీ, ఇంజనుకీ పసుపూ కుంకుమా పెడతారు. అందరూ పైపైన పెట్టి ఊరుకుంటారు. మావ భక్తి అక్కడితో ఆగలేదు. ప్లగ్గు ఊడదీసి పిన్నులకి కూడా పసుపు రాసి, కొబ్బరినీళ్ళు చిలకరించి, మళ్ళీ బిగించేవాడు. అమ్మవారు లోపలికి రావాలి కదా అన్నాడు. ఆరేళ్ళు అలా చేశాక ప్లగ్గు అతుక్కుపోయింది. పట్టకారుతో పట్టి మెలితిప్పి లాగాడు, పిన్ను విరిగింది. నాకు నవ్వొచ్చింది గానీ ఈయన ముందు నవ్వడం కూడా దండగనిపించి ఆపుకున్నాను.

"పిన్ను ఒకటి అతికీ సాలు. పెట్టి యెలిగించకు. బోటులో నాను యెలిగించుకుంతాను" అన్నాడు.

"యెలిగించి సూడకుండా నా కొట్లోంచి ఏదీ బయటికెల్దు."

"ఇది నీ అయ్య పెట్టి కాదిప్పుడు."

"మరెవలిది మావా?"

పెట్టె మళ్ళీ సంచిలో పెట్టబోయాడు. పదకొండు రోజులు గుర్తొచ్చి కాబోలు, చెయ్యి ఆగిపోయింది. స్టూలు నా బల్లకి ఆనించి లాక్కుని, కోర్టులో జవానులా కూర్చున్నాడు. ఎందుకు వెలిగించొద్దంటున్నాడో అప్పుడే అనుమానం మొదలైంది. ఐరన్ మళ్ళీ ప్లగ్గులో పెట్టి నేనూ పనిలో పడ్డాను.

ఆ సాకెట్టు బజార్లో దొరకదు. పాత ప్రింటరు వైరు ఒకటి పగలగొట్టి అందులోంచి బంగారు పూతున్న పిన్ను తీశాను. అది కొంచెం లావు. సన్నటి ఆకురాయితో అరగదీసి, ప్లగ్గులో పెట్టి, తీసి, మళ్ళీ అరగదీసి సరిచేశాను. సాకెట్టులో ఇరుక్కున్న మొండిని వేళ్ళతో తిప్పే చిన్న డ్రిల్లుతో తొలిచాను. పక్కనే చొక్కా బొత్తామంత బ్యాటరీ ఉంది. గుర్తులన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి. దానికి సెగ తగిలితే నాన్న బండలన్నీ ఒక్కసారే పోతాయి. తడి దూది దాని మీద కప్పి, ఊపిరి బిగబట్టి ఒక్క తాకిడిలో అతుకు వేశాను. పక్కన మావ కూడా ఊపిరి బిగబట్టాడు. ఆ ఒక్క క్షణం ఇద్దరం ఒకే పక్షాన ఉన్నాం. అది నాకు నచ్చలేదు.

అతుకు చల్లారాక చిలుము కడిగి, ప్లగ్గు బిగించి, ఆయన్ని అడక్కుండానే స్విచ్చి వేశాను.

పెట్టె వెలిగింది. గుర్తుల జాబితా తెరిచాను. వరసగా ముప్పైరెండు, ఒక్కోదాని పక్కన చిన్న చేప బొమ్మ. ముప్పైమూడోదాని పక్కన చేప లేదు, మనిషి బొమ్మ ఉంది. మనిషి నీళ్ళలో పడితే నొక్కే ఎర్ర మీట ఒకటుంది ఈ పెట్టెకి. నొక్కితే ఆ చోటు దానంతటదే గుర్తుండిపోతుంది. కింద తేదీ చూశాను. మా నాన్న పోయిన తేదీ.

మావ చెయ్యి తెర మీదికి వచ్చింది. నేను వేడి ఐరన్ మధ్యలో పెట్టాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆరేల్లు" అన్నాను. "మాయమ్మ ఆరేల్లు అడిగింది."

ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. ఆ మీట సంగతి నేర్పింది నాన్నేనట. పడిపోగానే నొక్కాడట. పెట్రోలు అడుగంటేదాకా అక్కడే చుట్టూ తిరిగాడట. అంతవరకూ నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. మరి అమ్మకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అది మంచి బండ. ముప్పైరెండూ ఒకెత్తు, అదొక్కటీ ఒకెత్తు. మనిసి పోయిన కాడ మనూరోల్లు వల ఎయ్యరు. సెప్తే నన్ను ఎయ్యనిత్తారా?"

అంటే వేస్తున్నాడు. వారం వారం అక్కడే వేస్తున్నాడు. అప్పన్న బోటు వంజరాలకి ఎదురులేదని ఒడ్డున అందరూ అంటారు. తమ్ముడి మొహం చూడకపోయినా, వేలంలో ఆ చేపే పాడుకుని గంపకెత్తుకుని, ఈ కాశీబుగ్గ వీధుల్లోనే అమ్మింది మా అమ్మ. ఆయన్ని కొట్టాలనిపించింది. చేతిలో ఐరన్ ఉంది కనక ముందు దాన్ని స్టాండులో పెట్టాను.

తర్వాత బిల్లు పుస్తకం వెనకాల ఆ గుర్తు అంకెలు రాసుకున్నాను. రాయకు, రాయకూడదు అంటూ లేచాడు. రాసింది రెండుసార్లు సరిచూసుకుని, ఆ ఒక్క గుర్తునీ పెట్టెలోంచి చెరిపేశాను. ఆయనకి చదువు రాదు. మనిషి బొమ్మ పోవడం మాత్రం చూశాడు.

"ఏటి సేసినావే గుంటా?"

"ముప్పైరెండూ ఉన్నాయి, ఎల్లి వలేసుకో. ఆ బండకి ఎల్లాలంటే ఈ కాయితం కావాల. కాయితం మాయమ్మ కొంగున ఉంటాది."

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గురి చూద్దామంటే ఒడ్డున కొబ్బరి లేదు. ఆ బండ ఇంటి వాకిలంత కూడా ఉండదు, అంకెలు లేకుండా ఎవడికీ దొరకదు. ఆడది బోటెక్కితే గంగమ్మ ఒప్పుకోదని గొణిగాడు. విరిగిన పిన్ను ముక్క, పసుపూ చిలుమూ పట్టినది, తీసి ఆయన అరచేతిలో పెట్టాను. గంగమ్మ పేరు చెప్పి నువ్వు చేసిన పని ఇదీ అన్నాను. అమ్మతో పాటు నేనూ ఎక్కుతానని, ఆ రోజు బోటులో వల ఉండకూడదని, తర్వాత అక్కడ వల వెయ్యాలో మానాలో అమ్మే చెబుతుందని కూడా అన్నాను.

పెట్టెని సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు. బేరం చెడిందనే అనుకున్నాను. చివరి మెట్టు మీద ఆగాడు.

"మాయప్పకి సంద్రం పడదు. సిన్నప్పుడు తెప్పెక్కి కక్కీసింది."

"కక్కనీ."

తలాడించాడు. కొబ్బరికాయ తను తెస్తానన్నాడు.

వద్దని చెప్పాను. కాయ ఇంట్లోనే ఉంది.