డెబోరా కొలత

మా ఆడబిడ్డ రెబెక్కమ్మ వదిన కుర్చీకి మెత్త కుడుతున్నాను. ఒళ్లో స్పంజి ముక్కలు, నోట్లో గుండుసూదులు. మా ఆయన క్రీస్తురాజు గుమ్మంలో నిలబడి చెప్పులేసుకుంటూ అన్నాడు: "అది అయినాక మన పాత బండి సీటుకి కూడా కవరు కుట్టెయ్యి. ఆదివారం ఆరాధన అయినాక మా అక్క కొడుకు వచ్చి తోలుకొని పోతాడు. పాపతో కడిగించి నూనె అదీ పెట్టించు. బెన్హర్‌కి ఇచ్చేటప్పుడు బండి కళగా ఉండాల."

నోట్లో సూదులున్నప్పుడు మాట్లాడకూడదు. మిషను నేర్చుకునేటప్పుడు మొట్టమొదట చెప్పేది అదే. సంసారంలో కూడా నేను చాలా కాలం నోట్లో సూదులున్న మనిషిలాగే బతికాను. ఆడబిడ్డ రవికలు, తోడికోడలి పిల్లల యూనిఫాములు, చర్చిలో పాటలు పాడేవాళ్ల తెల్ల అంగీలు, అన్నీ "ప్రేమలీల దగ్గర మిషనుంది గదా" అంటూ వచ్చి పడతాయి. "కూర్చోని తొక్కేదే గదా, నువ్వేమన్నా మోస్తన్నావా" అంటాడు మా ఆయన. మా అత్తగారు బతికున్నప్పుడు దానికి ఇంకో మాట కలిపేది: "నా కొడుకు కూర్చోబెట్టి అన్నం పెడతన్నాడు." ఆ అన్నం వండేది నేనే అన్న సంగతి ఆమెకు తోచేది కాదు. నాకూ ఆలస్యంగానే తోచేది, గిన్నెలు తోముకునేటప్పుడు.

ఆ వారమే నా కూతురు డెబోరాకి ఉద్యోగం వచ్చింది. కోట ఊరి దగ్గర, రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో. గుంట గుంటకీ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకురావాలి కాబట్టి సొంత బండి ఉండి తీరాలన్నారు. సోమవారం బండితో వస్తే చేర్చుకుంటారు, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పిల్లకి లైసెన్సు ఉంది, స్నేహితురాలి బండి మీద నేర్చుకుని తెచ్చుకుంది. మా ఆయన కొత్త బండి కొనుక్కున్న దగ్గర్నుంచి పాతది వసారాలో గోనెపట్టా కప్పుకొని పడే ఉంది. పిల్ల వెళ్లి తండ్రిని అడిగింది. ఆయన బండిని వాకిట్లోకి నెట్టి, "ఎక్కు, చూద్దాం" అన్నాడు. ఎక్కింది. బొటనవేళ్లు మాత్రం నేలకు తగిలాయి. బండి ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఆయనే పట్టుకుని నవ్వాడు.

"నేలే అందలేదు, నీకు ఉద్యోగం యాడ అందుతుందే? ఇది మగోళ్ల బండి. బెన్హర్‌కిస్తానని మా అక్కకి మాటిచ్చేసినా."

ఆ మాట వినగానే నాకు ఊపిరి తేలికపడింది. నేను భయం మనిషిని. పిల్ల పాలకు పోయి కాస్త ఆలస్యమైతే చాలు, ఆస్పత్రి వరండాలో నేను ఏ గోడకి ఆనుకుని ఏడుస్తానో కూడా కళ్లకు కడుతుంది. బండి అనేసరికి ఇక చెప్పక్కర్లేదు. చున్నీ చక్రంలో పడుతుంది. రొయ్యల లారీలు దారంతా నీళ్లు కారుస్తూ పోతాయి, ఆ తడిలో జారుతుంది. గాలికి రోడ్డు మీదికొచ్చిన ఇసుకలో చక్రం కూరుకుపోతుంది. గుంటల గట్లు బురద, రెండు పక్కలా నీళ్లు. పదో తరగతి తప్పిన నాకు ఊహలో మాత్రం దేవుడు తక్కువ చేయలేదు. బండి బెన్హర్‌కి పోతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది, పిల్ల ఇంట్లో ఉంటే నా ప్రాణం నాకుంటుంది అనుకున్నాను.

డెబోరా ఏడవలేదు. వచ్చి మిషను పక్కన కింద కూర్చుని, రాలిన స్పంజి ముక్కలు ఏరుతూ అడిగింది. "అమ్మా, నేను పొట్టిగా పుట్టింది నా తప్పా?"

నా కాళ్లు మిషను మీద ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా ఎంతమందికి కుట్టాను! లావైనవాళ్లు, బక్కవాళ్లు, ఒక భుజం వాలినవాళ్లు, నిండు నెలలవాళ్లు. రవిక పట్టకపోతే ఏ మనిషినీ తప్పు పట్టలేదు నేను. కుట్లు విప్పాను. గుడ్డని దిద్దాను. మరి నా కడుపున పుట్టిన పిల్లని బండి సీటు పక్కన నిలబెట్టి పొట్టిదని నవ్వుతుంటే, హమ్మయ్య అనుకున్నానే!

నోట్లో సూదులు తీసి దిండుకి గుచ్చాను. "లేయ్. గోడకి ఆనుకుని నిలబడు. చెప్పులేసుకో, గుంటల కాడికి వేసుకుపోయే బూట్లే వేసుకో" అన్నాను. టేపు తీసి కాళ్ల లోపలి పొడవు కొలిచాను. ప్యాంటుకి కొలిచేదే ఆ కొలత. తర్వాత బండి దగ్గరికి పోయి నేల నుంచి సీటు ఎత్తు కొలిచాను. తేడా బెత్తెడు కూడా లేదు. ఒక పిల్ల బతుకుకి అడ్డం పడింది అంత కాస్త స్పంజి.

సీటు విప్పడానికి కావలసిన స్పానర్లు బండి లోపలి సంచిలోనే ఉన్నాయి. ఎట్లా విప్పాలో డెబోరా ఫోనులో చూసి చెప్పింది. పాత రెగ్జిన్ ఊడదీసి, స్పంజి మీద సుద్దముక్కతో గీత గీశాను. పైన రెండు వేళ్ల మందం తీసేయాలని పిల్ల అంది. నాకు అది చాలదనిపించింది. చంక దగ్గర గుడ్డ ఎక్కువుంటే చెయ్యి పైకి లేవదు. అట్లాగే తొడల దగ్గర సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు ఎడమై నేలకి తిన్నగా దిగవు. అందుకని ముందు భాగం రెండు పక్కలా కూడా నడుములాగా సన్నం చేశాను. యాక్సా బ్లేడు నీళ్లలో తడిపి కోస్తే స్పంజి పీచులు లేవకుండా తెగింది. చర్చి హార్మోనియం కవరుకి మిగిలిన నల్ల రెగ్జిన్ దాచి ఉంచాను, దాంతో కొత్త తొడుగు కుట్టాను. దళసరి కుట్టు, రెండు వరసలు. కోసిన స్పంజిని పారేయబుద్ధి కాలేదు. వదిన కుర్చీ మెత్తలో కూరి, మూతి కుట్టి, అటు పోయే ఆటోలో పంపేశాను.

ఇక ఆగలేదు మేము. మా ఆయన పనికి పోయినాక చేసి, వచ్చేలోపు మళ్లీ గోనెపట్టా కప్పేసేవాళ్లం. వెనక స్ప్రింగుల కింద తిప్పే మెట్లుంటాయి, వాటిని అన్నిటికంటే కిందికి తిప్పింది డెబోరా. హ్యాండిలు బోల్టులు వదులు చేసి తన చేతులకి అందేలా వెనక్కి వంచుకుంది. క్లచ్చు గట్టిగా ఉందంటే ఆ తీగలోకి నా మిషను నూనె చుక్క చుక్కగా వదిలాను. ఇప్పుడు వేళ్లతో కాస్త నొక్కితే దిగింది. ఇదంతా ఆ పిల్ల కొలత. తర్వాత వచ్చింది నా భయాల వంతు. చున్నీ పడుతుందని ఖాళీ పెయింటు డబ్బా కోసి చైను పైన, కింద మూత బిగించాం. చీర గార్డు కడ్డీల సందుల్లో నైలాన్ వల ముక్క అల్లి గట్టిగా ముడులేశాను. వెనకొచ్చే లారీ కనిపించాలని రెండో అద్దం, లారీవాడికి పిల్ల కనిపించాలని వెలుగు పడితే మెరిసే టేపు. నీళ్ల సీసాల కోసం రొయ్యలు ప్యాక్ చేసే తెల్ల పెట్టె తెచ్చి, లోపల సీసాకొక గూడు కోసి, పాత ట్యూబు పట్టీలతో క్యారియర్‌కి కట్టాం. భయం యాడికీ పోలేదు. ఇన్నాళ్లూ ఆ భయంతో పిల్ల చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. ఇప్పుడు ఒక్కో భయాన్ని తీసుకెళ్లి బండికి బిగించాను.

ఒక్కచోట మాత్రం నా అతి జాగ్రత్త నన్ను నవ్వులపాలు చేసింది. మా ఊరి గాలికి ఉప్పు. ఇనుము ఏదైనా నాలుగు వానలకి పొట్టు రాలుతుంది. తుప్పు పట్టి చక్రం ఊడిపోతే? పడవలకి చేప నూనె పూస్తారు గదా, ఉప్పునీళ్లలో నానే పడవలే నిలబడితే బండి నిలబడదా అని, పడవ సామాన్లమ్మే హజరత్తయ్య దగ్గర డబ్బా తెచ్చి బండి అడుగంతా, మడ్‌గార్డుల లోపలంతా పట్టించాను. బ్రేకుల దగ్గరికి మాత్రం పోనివ్వలేదు డెబోరా. తెల్లారేసరికి వాడకట్టులోని పిల్లులన్నీ మా వసారాలో ఉన్నాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక రెబెక్కమ్మ వదిన, బెన్హర్ ఆటో దిగారు. బెన్హర్‌ది తెల్లప్యాంటు, ఇస్త్రీ చొక్కా, ఆరడుగుల మనిషి. బండి చుట్టూ పిల్లులు.

"ఏందిమే ప్రేమలీలా, బండికి చేపల పులుసు పోసినావా?" అంది వదిన, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"తుప్పు పట్టదని పూసినా వదినా."

"మామా, బండి భలే ఉండాదే! కొత్తదాని మాదిరి ఉంది" అంటూ బెన్హర్ ఎక్కి కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కంటే కూరుకుపోయాడనడం నయం. మోకాళ్లు హ్యాండిలు దాకా వచ్చాయి. కుడికి తిప్పితే కుడి మోకాలికి, ఎడమకి తిప్పితే ఎడమ మోకాలికి తగిలింది. పిల్లల పీటమీద కూర్చున్నట్టున్నాడు. డెబోరా మొహం తిప్పుకుంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఇదేంది అత్తా, నేను పెరిగినానా, బండి తగ్గిందా?"

మా ఆయన వచ్చి సీటు నొక్కి చూశాడు. మొహం ఎర్రబడింది. "ఎవుర్నడిగి కోసినావు దీన్ని?"

"మీరే గదా కుట్టమంటిరి."

"కవరు కుట్టమన్నా!"

"కవరు కుట్టాలంటే కొలత కావాల. ఎవురి కొలతకో మీరు చెప్పలేదు. ఇంట్లో ఉండే మనిషి కొలత తీసుకున్నా."

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనిపించింది. వదిన అందుకుంది. "సరేలేమే, కోసిన స్పంజి మళ్లా పెట్టి కుట్టు. ఎంతసేపు పని, కూర్చోని తొక్కేదే గదా."

"ఆ స్పంజి మీ ఇంట్లోనే ఉంది వదినా. మీ కుర్చీ మెత్తలో. మెత్తగా ఉందా?"

బెన్హరే ముందు నవ్వాడు. "అమ్మో, మొన్నట్నుంచి మా అమ్మ దాన్ని దిగితే గదా!" అంటూ బండి దిగి, ప్యాంటుకి అంటిన చేప నూనె చూసుకుని, "నాకొద్దులే మామా. ఇది డెబోరా బండి. నేనెక్కితే ఊళ్లో పిల్లులు నా వెంట పడతాయి" అన్నాడు. మంచి పిల్లాడు. కొడుకే వద్దంటే వదిన మాత్రం ఏమంటుంది? అన్నం తినేటప్పుడు మాత్రం "ఆడపిల్లకి ఇంత అలుసిస్తే తర్వాత నువ్వే ఏడస్తావు" అంది. "ఏడస్తాలే వదినా, ఏడ్చేది నాకు అలవాటే" అన్నాను, పప్పు వడ్డిస్తూ.

సోమవారం పొద్దున డెబోరా బండి ఎక్కి కూర్చుంది. రెండు పాదాలు, మడమలతో సహా, నేల మీద ఆనాయి. ఆ పాదాల్నే చూస్తూ నిలబడ్డాను. హెల్మెట్ పట్టీ నేనే బిగించాను, మళ్లీ లాగి చూశాను. వీధి మలుపు దాకా ప్రార్థన చేశాను, మలుపు తిరిగాక ఇంకా గట్టిగా చేశాను. ఆ రోజు అన్నం మాడింది. అయినా నా కడుపులో భయం పక్కన ఇంకేదో కూడా కూర్చుంది. పండక్కి నేను కుట్టిన గౌను వేసుకుని చిన్నప్పుడు డెబోరా చర్చిలో నడుస్తుంటే ఉండేది, అది.

సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ నుంచి మా ఆయనతో పాటు ఆయన తోటి పనివాడు కామాక్షయ్య వచ్చాడు. అప్పటికే డెబోరా తిరిగొచ్చింది, బండి వాకిట్లో ఉంది. కామాక్షయ్య దాని చుట్టూ తిరిగి, పెట్టె మూత తీసి గూళ్లు చూసి, "ఎవురు చేసినారన్నా, పనితనం బాగుందే" అన్నాడు.

"మేమే, ఇంట్లోనే చేసుకున్నాం" అన్నాడు మా ఆయన.

నేను మిషను మీద ఉన్నాను. నోట్లోంచి సూదులు తీశాను. "మేమంటే నేనూ డెబోరానూ, అన్నా" అన్నాను కిటికీలోంచి. మా ఆయన ఇటు చూశాడు. "ఆఁ, వాళ్లిద్దరే" అన్నాడు.

వాళ్లు టీ తాగి బజారు వైపు వెళ్లాక, నేను బండికి ఎక్కడైనా గీతలు పడ్డాయేమోనని తడుముతున్నాను. డెబోరా గడపలో కూర్చుని బూట్ల బురద గీకుతూ, "ఎన్నిసార్లు చూస్తావు? ఒకసారి ఎక్కి కూర్చో మా" అంది.

"నాకెందుకే? పడి కాలిరిగితే వంటెవరు చేస్తారు?"

పిల్ల గీకడం ఆపి నా వంక చూసింది. "కాలిరిగితే నొప్పని కాదు, వంటెవరు చేస్తారనా నీ భయం?"

లోపలికి వచ్చాను. బియ్యం కడగాలి. కడగలేదు. మిషను దగ్గర నిలబడ్డాను. పెళ్లైన దగ్గర్నుంచి ఈ బండి మీద, దానికి ముందు ఇంకో బండి మీద, మా ఆయన వెనక ఒక పక్కకి తిరిగి కూర్చుని, ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో సంచీ పట్టుకుని తిరిగాను. దారి ఎప్పుడూ నా పక్క నుంచే పోయింది, నా ముందు నుంచి కాదు. నా రవికలకి ఇప్పటికీ ఆది నా పెళ్లికి ముందు మా అమ్మ కుట్టిన రవికే. దాన్నే వదులు చేసుకుంటూ వచ్చాను. అందరి కొలతలూ నాకు నోటికి వచ్చు. నా ఒంటి మీద మాత్రం ఎవరూ టేపు పెట్టలేదు, నేనూ పెట్టుకోలేదు.

మెడలోంచి టేపు తీశాను. ఒక కొసని కాలి కింద తొక్కిపట్టి, లోపలి పొడవు పైకి లాగి, వేలు పెట్టి, వెలుతురు వైపు వంగి చూశాను.

డెబోరా కొలతే.

వేలు అక్కణ్నుంచి తీయకుండానే కేకేశాను. "పాపా, బండి తాళం యాడ పెట్టినావు?"