రాజవేషధారి ఆస్తి ఎంత?

నందికొట్కూరు బస్టాండు ఎదుట టీ అంగడి వద్ద ఉదయంపూట చేరేవారికి ఒక వినోదం ఉంది. ఎవరో ఒకరు ఫోను ఎత్తి పట్టుకుంటారు, తక్కినవారు మెడలు చాచి చూస్తారు. మన తాతల కాలంలో హాలీవుడ్ చిత్రాలలో వీరుడై వెలిగిన ఒక నటుని జీవితం పది నిమిషాలలో వారి ముందు సాగిపోతుంది. అతడు పుట్టిన పేద ఇల్లు, తొలి వేషం, మూడు పెళ్ళిళ్ళు, కొండమీది భవనం, చివరకు అతడు వదిలిపోయిన ఆస్తి. ఆ అంకె వినబడేదాకా ఎవరూ గ్లాసు కింద పెట్టరు.

“నూరు కోట్లంటప్పా,” అన్నాడొకడు.

“సచ్చిపోయినోనికి నూరైతేనేమి, వెయ్యైతేనేమి. టీ దుడ్లు నువ్విస్తాండావా, వాడొచ్చి ఇయ్యల్నా?” అన్నాడు అంగడి యజమాని తిమ్మయ్య.

అందరూ నవ్వారు. పాఠకులారా, ఈ కాలక్షేపంలో దోషమేమున్నదని మీరు అడగవచ్చు. నటుని గురించి విన్నప్పుడు అతడు ఎట్లా నటించాడని అడగడం మాని, ఎంత కూడబెట్టాడని అడగడం అలవాటైన ఊరిలో ఏమి జరిగిందో చదివి, తరువాత మీరే నిర్ణయించండి.

ఆ వీడియోలు చేసేది చైతన్య అనే ఆ ఊరి యువకుడే. పట్టా చేతికి వచ్చినా ఉద్యోగం రాకపోవడంతో, ఇంటర్నెట్టులో దొరికిన పాత నటుల సంగతులను కూర్చి తెలుగులో చెప్పేవాడు. దుర్మార్గుడు కాడు. ‘జీవితం’ అని పేరు పెడితే చూడనివారు ‘ఆస్తి’ అని పెడితే చూస్తారన్న రహస్యం అతనికి తెలిసింది, అంతే. అమెరికా నటులు అయిపోవచ్చేసరికి అతని చూపు సొంత ఊరి నటుని మీద పడింది.

ఆ నటుడు హజరత్ వలి. వయస్సు అరవై ఆరు. నలభై ఏళ్ళుగా కర్నూలు, కడప ప్రాంతాల తిరునాళ్ళలో పద్యనాటకాలకు రాజవేషం ఆయనదే. ఐదుపూటలా నమాజు తప్పని ఆ మనిషి, ఊపిరి తిప్పుకోవడానికైనా చోటివ్వని సంస్కృత సమాసాన్ని ముత్యాలు దొర్లించినట్లు పలికితే, వేదం చదువుకున్నవారు సైతం కళ్ళు తుడుచుకునేవారు. పరమేశ్వరుడు కంఠమిచ్చేటప్పుడు కులమతాలు విచారించడు గదా. ఆటలు లేని రోజుల్లో వలి బస్టాండు పక్కన గోనెపట్టా పరచుకొని గొడుగులు, తాళాలు బాగుచేసేవాడు. భార్య అబీదా బీ ఇంటిపట్టున కుట్టుపని చేసేది. కూతురు సాజియా ఒక బట్టల అంగడిలో పనిచేసేది.

వలికి నాటకం నేర్పిన గురువు ఒక కట్టుబాటు విధించాడు. తలమీద కిరీటమున్నంతసేపు ‘లేదు’ అన్నమాట నోట రారాదు. రాజు లేదంటే సభ చిన్నబోతుంది. ఆకలేసినా, కాలు నొచ్చినా, ఇంట్లో బియ్యం నిండుకున్నా, కిరీటం దించిన తరువాతనే చెప్పుకోవాలి. ఆ సీమ నాటకాలవారందరికీ తెలిసిన ఈ సంగతి చైతన్యకు తెలియదు.

బద్వేలు దగ్గర ఒక తిరునాళ్ళ సాయంకాలం. వేషం కట్టడానికి చోటిచ్చిన భూస్వామి మేడ మెట్లమీద, తలమీద కిరీటంతో ఉన్న వలిని నిలబెట్టి, చైతన్య ఫోను తెరిచాడు.

“తాతా, నలభై ఏండ్లు రాజుగా ఉండావు. ఏం సంపాదిచ్చినావు?”

“రాజును సంపాదన అడుగుతారా అప్పా? ఈ సీమంతా నాదే గదా.”

“మరి మేడలు?”

“యాడ నిలబడినానో చూస్తానే ఉండావు.”

“బంగారు?”

వలి చిరునవ్వు నవ్వి మెడలోని హారాన్ని తాకాడు. అది నిజమైన బంగారమే. రాజవేషధారికి తమ ఇంటి హారం వేసి పంపడం ఆ భూస్వామి వంశంలో ఆచారం. ఆట ముగియగానే అది తిరిగి వారి బీరువాకు చేరుతుంది.

హార్మోనియం సర్దుకుంటున్న రంగన్న తల ఎత్తాడు. “వేషంలో ఉండాడు నాయనా. రేపు పొద్దున వచ్చి అడుగు, అప్పుడు చెప్తాడు కత.”

చైతన్య రేపటిదాకా ఆగలేదు. మేడకింత, హారానికింత అని తానే వెల కట్టి, ‘రాజవేషధారి వలి ఆస్తి పద్నాలుగు కోట్లు’ అని పేరు పెట్టి వదిలాడు. వారంలో నాలుగు లక్షలమంది చూశారు.

అప్పటికే వలి గొంతు రెండు నెలలుగా బొంగురుపోయి ఉంది. ఆ వారమే కర్నూలు వైద్యులు పరీక్షించి, అది మాయదారి పుండని, అంటే క్యాన్సరని తేల్చారు. నెలలోగా కోస్తే మాట దక్కుతుంది, ఆలస్యమైతే స్వరపేటికనే తీసివేయవలసి వస్తుంది అన్నారు. ప్రభుత్వ సాయం పోగా ఇంకా కావలసిన సొమ్ముకోసం సాజియా కర్నూలులోని ఒక కళాకారుల సహాయ సంఘానికి అర్జీ పెట్టింది. సంఘాధ్యక్షులు ప్రేమయ్యగారు విశ్రాంత తెలుగు పండితులు, ధర్మభీరువు. అర్జీ బల్లమీద ఉండగానే ఎవరో ఆయనకు ఆ వీడియో చూపించారు. కోటీశ్వరునికి పేద కళాకారుల నిధి ఇవ్వడం పాపమని తలచి, ఆయన అర్జీని పక్కన పెట్టించారు.

సంగతి తెలిసి సాజియా చైతన్య ఇంటికి పరుగెత్తింది.

“అన్నా, ఆ వీడియో తీసెయ్. సంఘమోళ్ళు మా నాయనను కోటీశ్వరుడంటాండారు.”

“తీసేస్తాలే సాజియా. ఇప్పుడిప్పుడే బాగా పోతాంది. రెండు దినాలు ఆగు.”

“మాకాడ ఉండేటివే ముప్పై దినాలన్నా.”

“మీ నాయన నోటితో చెప్పిందే గదా నేను పెట్టింది.”

ఆ రెండు దినాలు పన్నెండయ్యాయి. చివరకు వలి తానే బస్సెక్కి కర్నూలు వెళ్ళి, సంఘం కార్యాలయం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆనాడు ప్రేమయ్యగారు ఊళ్ళో లేరు.

“నాకాడ ఏమీ లేదు సార్,” అన్నాడు వలి. నలుగురి ముందు ఆ మాట అనడం ఆయనకు అదే మొదలు.

గుమాస్తా ఫోను తెరిచి చూపించాడు. “ఈ సీమంతా నాదే అంటాండావే పెద్దాయనా. ఈడ చెప్పేది నమ్మల్నా, ఆడ చెప్పింది నమ్మల్నా?”

లేని రాజ్యాన్ని నలభై ఏళ్ళు వేలమందిచేత నమ్మించిన ఆ గొంతు, ఉన్న నిజాన్ని ఒక్కరిచేత నమ్మించలేకపోయింది. వలి చెప్పులు తొడుక్కొని బస్సెక్కాడు.

నెల దాటిన తరువాత చైతన్య మనసు కుదురుగా ఉండక వలి ఇంటికి వచ్చాడు. ఒకే రేకుల గది. మూలన కుట్టుమిషను, దాని పక్కన చాపమీద వలి. చైతన్య ముఖం వెలవెలబోయింది. అయినా అలవాటు చొప్పున చెయ్యి జేబులోని ఫోను మీదికే పోయింది.

“అమ్మా, ఈ ఇల్లు చూపిస్తే జనం శానా సాయం చేస్తారు.”

అబీదా బీ మిషను ఆపింది. “కిరీటం చూపిచ్చినావు, నాలుగు లక్షలమంది చూసిరి. ఇప్పుడు చాప చూపిస్తావు, ఎనిమిది లక్షలమంది చూస్తారు. రెండూ నీకే కలిసొస్తాయి గదప్పా. ఆ ఫోను జేబులోనే పెట్టుకోని, పోయి సంఘంలో నిజం చెప్పు.”

అతడు పోయి చెప్పాడు. మరునాటి ఉదయమే ప్రేమయ్యగారు నందికొట్కూరు వచ్చి, ఆ గడపలో నిలబడి, లోపలికి ఒక్కసారి చూసి, అక్కడే చెక్కు రాసిచ్చారు. శస్త్రచికిత్స జరిగేనాటికి నలభై మూడు రోజులు గడిచాయి. ప్రాణం నిలిచింది. స్వరపేటిక పోయింది.

ఆస్పత్రిలో వలిని చూడడానికి రంగన్న, ప్రేమయ్యగారు, చైతన్య వెళ్ళారు. రంగన్నను చూడగానే వలి పెదవులు కదిలాయి. మెడకు చేసిన రంధ్రం గుండా గాలి మాత్రం వచ్చింది. రంగన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

“తప్పంతా నాదే సార్,” అన్నాడు చైతన్య. “ఆ వీడియో తీసేసినా.”

ప్రేమయ్యగారు మంచం అంచున కూర్చొని, వలి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

“నీ తప్పు నీకుంది నాయనా, మోయి. దాంట్లో నా తప్పు దాచిపెట్టనియ్యను. ముప్పై ఏండ్లు పిల్లలకు సత్యాసత్యాలు చెప్పినోణ్ణి. కర్నూలు నుంచి ఈ మనిషి ఇంటికి గంట ప్రయాణం. ఆ గంటసేపు బస్సెక్కడానికి బద్ధకించి, ఫోను చూసి తీర్పు చెప్తి. ఈ సీమ ఒక గొంతును పోగొట్టుకునింది, అది మళ్ళా రాదు. ఇంక నువ్వైనా నేనైనా గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే. సాటి మనిషి కలిమిలేములు తెరమీద చూసి తేల్చేవి కావు, అతని గడప తొక్కి, పక్కన కూర్చొని, అడిగి తెలుసుకోవలసినవి.”