పాలగొట్టం అతుకు

బురుల్‌కాన్ కొచ్కోర్ ఊరి పాలకేంద్రంలో పన్నెండేళ్లు క్యాన్లు కడిగింది. నలభై ఒకటో ఏట వెల్డింగ్ నేర్చుకుంటానంటే ముసలి వెల్డర్ అసనాలి తప్ప అందరూ నవ్వారు. రెండు నెలలుగా ఆయన దగ్గర పాత గొట్టం ముక్కలు అతుకుతోంది. సగం ముక్కలకు చిల్లులే.

జూలైలో ఒక మధ్యాహ్నం పాలు పారే స్టీలు గొట్టం వంపు దగ్గర పగిలింది. గేటు బయట ఎండలో పాలట్యాంకరు ఆగిపోయింది. అసనాలి కుడిచెయ్యి చూస్తే కట్టులో ఉంది. పగిలిన భాగాన్ని విప్పి, చెడినంత మేర కోసి, రెండు కొసలూ కలిపి బల్ల మీద పెట్టారు.

"నువ్వే పట్టాలి" అన్నాడాయన.

"నా వల్ల కాదు బైకే. చిల్లు పడితే?" అందామె. పెద్దవాళ్లని అక్కడ అన్న అన్నట్టు బైకే అనీ, అక్క అన్నట్టు ఎజే అనీ పిలుస్తారు.

"పడితే మళ్లీ కోద్దాం. వెల్డింగ్ టార్చి అందుకో."

గొట్టం మందం ఒకటిన్నర మిల్లీమీటరు. ఒక్క క్షణం ఎక్కువ ఆగితే కరిగి కారిపోతుంది. ఊపిరి బిగబట్టి, గోధుమగింజంత కరిగిన లోహాన్ని గొట్టం చుట్టూ నడిపించింది. అతుకు బంగారు రంగులో మెరిసింది.

"అద్భుతం ఎజే, బిగించెయ్యండిక. ఆ డ్రైవరు నన్ను తినేస్తున్నాడు" అన్నాడు మేనేజరు మెదెర్‌బేక్.

ఆమె గొట్టంలోకి లైటు వేసి చూసింది. లోపల మాడిన చక్కెరలా నల్లటి గరుకు. గాలి తగిలి లోహం మాడకుండా గొట్టం లోపలికి ఆర్గాన్ గ్యాస్ పంపే పైపు మధ్యలో ఎప్పుడో ఊడిపోయింది.

"లోపల ఎవరు చూస్తారు?" అన్నాడు మేనేజరు.

"పన్నెండేళ్లు కడిగినదాన్ని. ఈ గరుకులో ఇరుక్కున్న పాలు ఏ బ్రష్షుకీ రావు. ఎల్లుండికి పులుస్తాయి."

అసనాలి ఎడమచేత్తో రంపం అందించాడు. ఆమె ఆ అతుకుని కోసేసింది.

గ్యాసు సిలిండర్ మీటరు ముల్లు అడుక్కి దిగింది. ఉన్న గ్యాసు ఇంకొక్క అతుక్కే. ఈసారి ఆమె పైపుని టేపుతో గట్టిగా చుట్టి, గొట్టం నిండా గ్యాసు పట్టేదాకా ఆగింది. ఆ రెండు నిమిషాలూ మెదెర్‌బేక్ గడియారం చూస్తూనే ఉన్నాడు. తర్వాత చుట్టులో పావు వంతు చొప్పున అతికింది. చివర్లో కరెంటు మెల్లగా తగ్గించి, లోహం చల్లారేదాకా టార్చి కదపలేదు. గ్యాసు చప్పుడు సన్నబడి ఆగిపోయింది.

లైటు వేసింది. లోపల నున్నగా, తెల్లగా ఉంది.

ట్యాంకరులో పాలు ఇంకా చెడలేదని పరీక్ష చేసిన అమ్మాయి చెప్పింది. గొట్టం బిగించి వాల్వు తిప్పారు. బురుల్‌కాన్ అతుకు కింద అరచెయ్యి పెట్టి నిలబడింది. చుక్క పడలేదు.

అసనాలి కళ్లద్దాలు పెట్టుకుని అతుకంతా వేలితో తడిమాడు. "ఇక్కడ గతుకు పడిందేం?"

"అక్కడికొచ్చినప్పుడే ఈయన దగ్గాడు బైకే, ఉలిక్కిపడ్డా."

మెదెర్‌బేక్ గొంతు సవరించుకుని ట్యాంకరు దగ్గరికి వెళ్లిపోయాడు.