కిసుము వెళ్లిన ఈల

నేను ఒక ఈలను. ఇత్తడి ఒళ్లు, పైన నికెల్ పూత, కడుపులో బఠాణీ గింజంత బెండు ముక్క. నా ఆస్తి అంతే. మీరట్‌లో ఒక చిన్న కార్ఖానాలో నన్ను తయారుచేసిన ముసలాయన, డబ్బాలో సర్దే ముందు ఒకసారి ఊది చూసి తలాడించాడు. అదే నా పుట్టుక. మనుషులకు ఊపిరి సొంతంగా ఉంటుంది గానీ, దాంతో ఏం చెయ్యాలో తెలియక సగంమంది నిట్టూర్పుల కింద ఖర్చు పెట్టేస్తారు. నాకు సొంత ఊపిరి లేదు. ఎవరైనా పోస్తేనే.

ఆ తర్వాత పోసినవారు చీపురుపల్లి పక్క ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు అప్పలస్వామి. పదకొండేళ్లు ఆయన మెళ్లో వేలాడాను. ఆయన దగ్గర కబడ్డీ నేర్చుకున్న పిల్లల్లో లెంక హైమావతి అని ఒకర్తి ఉండేది. కూతకు వచ్చిన అమ్మాయి చీలమండ దాని చేతికి దొరికిందంటే ఇక గీత దాటడం కల్ల. రాష్ట్రం జట్టుకు ఆడింది. ఆ ఆట పుణ్యాన ఇరవై రెండేళ్లకే విజయనగరంలో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన రోజున మాస్టారు నన్ను మెళ్లోంచి తీసి హైమ చేతిలో పెట్టారు.

"ఉజ్జోగం వొచ్చిందని ఆట మానీకు తల్లీ."

"మాన్ను మాస్టారూ," అంది హైమ.

మనసులో అనుకునే అంది పాపం. తర్వాత పందొమ్మిదేళ్లు నేను టేబులు సొరుగులో గుండుసూదుల డబ్బా పక్కన పడుకున్నాను. ఆవిడది ఇన్‌వర్డు సెక్షను. వచ్చిన కాగితం మీద తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, లోపలికి పంపాలి. సాయంత్రానికి వందో నూటేభయ్యో. ముద్ర కొట్టిన ప్రతిసారీ సొరుగు అదిరి నా గింజ చిన్నగా కదిలేది. ఏడాదికొకసారి ఉద్యోగుల ఆటల పోటీలకు మాత్రం నన్ను బయటికి తీసేది. ఆ రెండు రోజులూ ఆవిడ నడకే వేరుగా ఉండేది.

అలాంటి పోటీలకే ఒకసారి విశాఖపట్నం వెళ్లాం. హైమ రిఫరీ. అక్కడ కబడ్డీ నేర్చుకుందామని కెన్యా నుంచి మిల్‌డ్రెడ్ అనే టీచరమ్మ ముగ్గురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆట మధ్య విరామంలో అందరూ టీకి పోతే హైమ మాత్రం ఆ ముగ్గురి దగ్గరికి వెళ్లింది. భాష రాదు. నేల మీద బోర్లా పడి, చీలమండ ఎక్కడ పట్టాలో, పట్టాక భుజం ఎటు తిప్పాలో చేసి చూపించింది. కొత్త చీర ఇసకలో పొర్లింది. అరగంటలో ఆ పిల్లలు ఒకళ్లనొకళ్లు పడగొట్టుకుంటూ పకపకా నవ్వారు. వాళ్లకంటే గట్టిగా నవ్వింది హైమ. పందొమ్మిదేళ్లలో నేను ఆ నవ్వు వినలేదు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. కిసుము అనే ఊళ్లో వాళ్ల కాలేజీకి కోచ్‌గా రమ్మని, రెండేళ్లకు పిలుపు. జీతం ఇక్కడికంటే ఎక్కువేమీ కాదు.

హైమ రెండేళ్లు సెలవు ఇప్పించమని అర్జీ పెట్టింది. దాని మీద తనే తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, లోపలికి పంపింది. అది ఏడుసార్లు వెనక్కి వచ్చింది. 'సదరు ఆట ఆ దేశమునందు గుర్తింపబడినదా?' అని ఒకసారి. 'ఉద్యోగిని లేని కాలమందు తేదీ ముద్ర ఎవరి అధీనమున ఉండవలెను?' అని ఇంకోసారి. ఎనిమిదోసారి ప్రశ్న లేదు, వీలుపడదన్న జవాబే వచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ నన్ను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లింది. భర్త సన్యాసిరావు ఆర్టీసీ కండక్టరు. మంచివాడే గానీ, పర్మనెంటు ఉద్యోగం అన్న మాట విన్నప్పుడు గుళ్లో గంట విన్నట్టు కళ్లు మూసుకునే రకం.

"రాజీనామా ఏటి హైమా? ఇంకో పదిహేడేళ్ల సర్వీసు! రెండేళ్లయ్యాక తిరిగొచ్చి ఏటి చేస్తావు?"

"తెల్దు."

"అక్కడ నచ్చకపోతే?"

"అదీ తెల్దు. ఇక్కడ ఏటవుద్దో మాత్రం బాగా తెలుసయ్యా. రేపు ఏ కాగితం మీద ఏ నంబరు పడుద్దో కూడా చెప్పగలను," అంది హైమ.

అత్తగారు రాములమ్మ మంచమ్మీద కూచుని చుట్ట కాలుస్తోంది. ఎనభై దాటి చాలా ఏళ్లయింది. చుట్ట పక్కన పెట్టింది.

"ఒరే సన్నాసీ, నీకు రంగం సంగతి సెప్పలేదేట్రా?"

రంగం అంటే రంగూన్. ఒకప్పుడు ఆ ప్రాంతం జనం పనుల కోసం ఓడెక్కి అక్కడికే పోయేవారు.

"మా యమ్మ నన్ను కడుపులో ఎట్టుకుని ఓడెక్కింది. అక్కడ పనుందో లేదో తెల్దు. దిగీదాకా ఊరి పేరు కూడా సరిగ్గా పలకనేదు. నాను అక్కడే పుట్టినాను. దీన్ని సూడు, ఉత్తరం రాసి, టిక్కెట్టిచ్చి, రా తల్లీ ఆట నేర్పు అని పిలస్తన్నారు. దీనికి ఏడుపులేటి?" అని కోడలి వైపు తిరిగింది. "ఎల్లే. నీ మొగుడికి నాను ఒండి పెడతాను."

"నువ్వొండితే ఎవరు తింటారే అమ్మా?" అన్నాడు సన్యాసిరావు. ముందు హైమ నవ్వింది, తర్వాత అతనూ నవ్వేశాడు. ఆ ఇంట్లో ఒప్పందాలన్నీ అలాగే జరుగుతాయని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు రాజీనామా కాగితం చూసి సూపరింటెండెంటు సోమయాజులుగారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"అమ్మా హైమావతీ, జనం ఈ ఉద్యోగం కోసం మొక్కులు మొక్కుకుంటారు. కబడ్డీ కోసం వదులుకుంటానంటున్నావు. బాగా ఆలోచించుకున్నావా?"

"పందొమ్మిదేళ్లు ఆలోచించాను సార్."

ఆఖరి రోజున అందరికీ లడ్డూలు పంచింది. సొరుగు ఖాళీ చేస్తూ నన్ను బయటికి తీస్తే పక్క సీటు ఆవిడ, "ఇన్నేళ్లూ చూస్తున్నాను, దీని చప్పుడు ఒక్కసారీ వినలేదు. ఊదండి మేడమ్," అంది. హైమ సోమయాజులుగారి వంక చూసింది. ఆయన ఏదో ఫైలు వెతుకుతున్నట్టు తల కిందికి దించుకున్నారు. అంటే ఊదమనే.

ఊదింది. ఆ నాలుగు గోడల మధ్య నాకే చెవులు గింగురుమన్నాయి. బీరువాల మీద దుమ్ము లేచింది. ఇద్దరు గుమస్తాలు ఉలిక్కిపడి నిలబడ్డారు. వరండాలో పెన్షను కోసం వచ్చిన ముసలాయనెవరో చప్పట్లు కొట్టాడు. సోమయాజులుగారు మాత్రం తల పైకెత్తకుండానే, "బాగుంది," అన్నారు.

కిసుము పెద్ద సరస్సు ఒడ్డున ఉంది. నేల ఎర్రగా మన విజయనగరం నేలలాగే ఉంటుంది. మొదటి రోజు పద్నాలుగుమంది ఆడపిల్లలు వరసగా నిలబడి "మామా హైమా!" అన్నారు. వాళ్ల భాషలో మామా అంటే అమ్మ. హైమ అది తెలియక తెల్లబోయి, "మా ఊళ్లో మామలకి మీసాలుంటాయర్రా," అని తెలుగులోనే అంది. మిల్‌డ్రెడ్ టీచరమ్మ అర్థం చెప్పాక హైమ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పేరడిగింది.

మొదటి మూడు నెలలూ కష్టంగానే గడిచాయి. ఆ పిల్లలు జింకల్లా పరిగెత్తుతారు గానీ కూతలో ఊపిరి ఆపలేరు. పది అంకెలు లెక్కపెట్టేసరికి నవ్వు వచ్చేస్తుంది. నైరోబి జట్టుతో మొదటి పోటీలో చిత్తుగా ఓడారు. ఆ రాత్రి హైమ నన్ను గుప్పిట్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూచుని, "తప్పు చేసినానేటి?" అంది. పొద్దున్నే అచియెంగ్ అనే పిల్ల తలుపు తట్టింది. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ముందురోజు అందరికంటే ఎక్కువసార్లు దొరికిపోయింది అదే. లోపలికి కూడా రాలేదు. గడపలో నిలబడి "కబడ్డీ కబడ్డీ" అని కూత మొదలుపెట్టింది. హైమ గోడ గడియారం చూసింది. ఇరవై నాలుగు సెకన్లు. రాత్రంతా దుప్పటి ముసుగులో సాధన చేసిందట. హైమ చెప్పులు కూడా వేసుకోకుండా దాని వెంట మైదానానికి పరిగెత్తింది.

అప్పట్నుంచి అక్కడ తెలుగు మొలిచింది. "పట్టు!", "లాగు!", "వొదలొద్దు!" ఈ మూడు మాటలకూ ఇంగ్లీషులో అంత బలం లేదని హైమ నమ్మకం.

రెండో ఏడు ఆ దేశపు కాలేజీల ఫైనలు నైరోబిలో జరిగింది. సన్యాసిరావు నెల సెలవు పెట్టి వచ్చాడు. అతను అప్పటికే కిసుము వ్యానుల్లో టిక్కెట్లు కొట్టేవాళ్లందరికీ దోస్తు. ఒక్క ముక్క భాష రాకుండా ఎలా కుదిరిందో అతనికే తెలియాలి.

ఆటలో కోచ్ ఈల ఊదకూడదు. నేను హైమ పిడికిట్లో చెమటకు తడుస్తూ ఉన్నాను. ఆఖరి నిమిషం, చెరి సమానం. అవతలి జట్టులో పేరు మోసిన పిల్ల కూతకొచ్చింది. మనవాళ్లు నలుగురే మిగిలారు. అచియెంగ్ నేలకు పడి చీలమండ పట్టుకుంది. అవతలి పిల్ల ఈడ్చుకుంటూ గీత వైపు పాకింది. జానెడు దూరం.

"వొదలొద్దే!" అని అరిచాడు సన్యాసిరావు.

"వొదలొద్దే!" అని మిగిలిన పిల్లలందరూ, బయట కూచున్నవాళ్లూ, మిల్‌డ్రెడ్ టీచరమ్మా, అచ్చం చీపురుపల్లి యాసలో అరిచారు. అచియెంగ్ వదల్లేదు. రిఫరీ ఈల మోగింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో నన్ను చేతులు మార్చుకుంటూ పద్నాలుగుమందీ ఊదారు. డ్రైవరు బతిమాలుకున్నాడు, ఎవరూ వినలేదు. దారిలో నకూరు అనే ఊరు దాటాక నా కడుపులో బెండు ముక్క పొడిపొడి అయిపోయింది. నా జాతిలో ఇంతకంటే మంచి ముగింపు ఎవరికీ దొరికి ఉండదు.

ఇప్పుడు నేను ప్రిన్సిపాలు గదిలో అద్దాల బీరువాలో, ఆ ఫైనల్లో గెలిచిన కప్పు పక్కన ఉంటున్నాను. గట్టిగా ఊదినా ఇక గాలి తప్ప చప్పుడు రాదు. నిన్న ఇదే గదిలో ఇంకో మూడేళ్లకు ఒప్పందం కాగితం తయారుచేసి బల్ల మీద పెట్టారు. హైమ మైదానంలోంచి నేరుగా వచ్చింది. మోకాళ్ల నిండా ఎర్రమట్టి. ప్రిన్సిపాలు కుర్చీ చూపించాడు.

"ఆలోచించుకోవడానికి వారం టైము తీసుకోండి."

"కలం ఉందా సార్?" అంది హైమ.

నిలబడే సంతకం పెట్టింది. కాగితం మీద ఎర్రటి వేలిముద్ర ఒకటి పడింది. అది తుడవబోయి, ఉండనీలే అనుకుని, కలం బల్ల మీద పడేసి బయటికి పరిగెత్తింది. నలభై మూడేళ్ల మనిషి, నడవచ్చు కదా. పరిగెత్తింది.