సెగ తగలని తోలు

నేను ఒక డఫ్‌ని. పేరెప్పుడూ వినలేదా? ఫరవాలేదు, మీ ఊళ్ళలో మోగే డప్పుకు నేను వరసకు చెల్లెల్నవుతాను. అదే గుండ్రటి చెక్క చట్రం, అదే మేకతోలు, వాయించే ముందు సెగ చూపించకపోతే అదే అలక. కాకపోతే నేను పెరిగింది హైదరాబాదులో, ఏసీ గార్డ్స్ గల్లీలో. నిజాం కాలంలో గుర్రపు దళంలో కొలువు చేయడానికి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ మునిమనవలు ఉండే గల్లీ అది. సిద్దీలంటారు, హబ్షీలంటారు. పెళ్ళి ఊరేగింపుల్లో వాళ్ళు వాయించే మర్ఫా మేళంలో నాదీ ఒక గొంతు. ఇంట్లో వాళ్ళ మాట ఉర్దూ, గల్లీలో తెలుగు. నాకు రెండూ వచ్చుగానీ, మీకు అంతా తెలుగులోనే చెబుతాను.

చెక్కను నానబెట్టి వంచి, తోలు లాగి బిగించి నన్ను తయారుచేసిన ముసలాయన, నన్ను మబ్రూక్ చేతిలో పెట్టాడు. మబ్రూక్ మేళానికి పెద్ద. ఆయన చెయ్యి పడితే పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రం కూడా అడుగు మార్చి నడిచేది. కోతలంటారా, మీ ఇష్టం. జనం చొక్కాలు తడిసేదాకా ఎగిరి, ఆ తర్వాత బిర్యానీ దగ్గరికి పరుగులు తీసేవారు. మేళంవాళ్ళు తిన్నారా లేదా అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. మనుషుల సంబరం అంతే, మోత ఆగగానే మోగించినవాళ్ళు కనబడరు.

కానీ నా కథ మబ్రూక్‌ది కాదు. ఆయన భార్య జైతూన్ బీది.

జైతూన్ కూడా మేళగాడి కూతురే. చిన్నప్పుడు అన్నం గిన్నె మూత మీద తాళం వేస్తే వాళ్ళమ్మ వీపు మీద తాళం వేసిందట. ఆ ఇళ్ళలో వాయించేది మగవాళ్ళు, ఆడవాళ్ళ వంతు కాచడం. కాచడమంటే మీకు తెలిసే ఉంటుంది. చెమ్మకు తోలు వదులైపోతుంది, సెగ చూపిస్తేనే బిగుస్తుంది. పెళ్ళి ఉన్న రోజు మధ్యాహ్నం జైతూన్ పెరట్లో పాత ఇనుప బొచ్చెలో చితుకులు వేసి మంట పెట్టేది. మంట తగ్గి నిప్పులయ్యాక నన్ను ఒళ్ళోకి తీసుకుని, సెగకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పేది. అరచేత్తో తోలును తడిమి చూసేది. ఎక్కువైతే పగులుతుంది, తక్కువైతే పలకదు. ఇక చాలనుకున్నప్పుడు ఉంగరపు వేలితో ఒక్క దెబ్బ వేసి చెవి ఒగ్గి వినేది. నా మీద ఆమెకు దక్కిన వాయింపల్లా ఆ ఒక్క దెబ్బే.

అత్తగారు బతికున్నప్పుడు ఇంట్లో ఒక కట్టడి పెట్టింది. "డఫ్ కాస్తున్నప్పుడు జైతూన్‌ను ఎవ్వరూ పిల్వద్దు. ధ్యాస తప్పిందంటే తోలు పోతది, తోలు పోతే పెళ్ళి పోతది." అంతే, అప్పటిదాకా జైతూన్ జైతూన్ అని ఊపిరి సలపనివ్వని ఇల్లు ఒక్కసారిగా నోరు మూసుకునేది. పిల్లవాడు ఏడ్చినా ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. ఆమె భుజాలు కిందికి దిగేవి. నేను తిరిగే లయలోనే ఆమె ఊపిరి నడిచేది, ఆ వెచ్చదనం నా తోలుకు తగిలేది. ఒక రహస్యం చెప్పనా? నేను ఎప్పుడో బిగిసిపోయినా ఆమె కాచడం ఆపేది కాదు. కాస్త దూరంగా జరిపి ఇంకా తిప్పుతూ ఉండేది. నేనూ ఎవరికీ చెప్పలేదు.

మిగతా రోజంతా ఆమెది గొడ్డుచాకిరీ. ఆడపిల్లల హాస్టల్లో రొట్టెలు చేసేది. "నీకేంది జైతూన్, ఉక్కుముక్కవి. మీ హబ్షీ ఆడోళ్ళు అలసిపోతరా ఏంది!" అని వార్డెనమ్మ మెచ్చుకుంటూనే పిండి బస్తా ఆమె వైపు తోసేదట. గల్లీలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు ఆమె నల్లటి ఒళ్ళు, ఉంగరాల జుట్టు ఎగాదిగా చూసి "మీది ఏ దేశమమ్మా?" అని అడిగేవారు. "మాసాబ్ ట్యాంక్ పక్కనే," అని పక్క పేట పేరు జవాబుగా చెప్పి కూరగాయల సంచి భుజాన వేసుకుని వచ్చేసేది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వేది కూడా. నవ్వాక గోడకు తగిలించిన నన్ను దులపడమనే వంకతో చాలాసేపు తుడిచేది.

మబ్రూక్ పోయాక మేళం కొడుకు జాబిర్ చేతికొచ్చింది. మంచి పిల్లవాడు, తల్లంటే ప్రాణం. నా ఏడుపంతా అందుకే, చెడ్డవాడైతే కసితీరా తిట్టుకునేదాన్ని. ఒక ముసురు రోజు చితుకులు తడిసి పెరడంతా పొగ కమ్మింది. జైతూన్ దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది. జాబిర్ చూడలేకపోయాడు. నన్ను తీసుకుపోయి తోలు విప్పించి, ప్లాస్టిక్ లాంటి ఫైబర్ పొర బిగించుకొచ్చాడు.

"అమ్మీ, ఇగ నీకు ఈ పొగ బాధ లేదు. వానలో తడిసినా మోగుతది. కాచేదే లేదు!"

జైతూన్ నన్ను చేతిలోకి తీసుకుంది. అరచేత్తో తడిమింది. చల్లగా, నున్నగా ఉన్నాను. ఉంగరపు వేలితో ఒక దెబ్బ వేసింది. రేకు డబ్బాలా టంగుమన్నాను, సిగ్గుతో చచ్చిపోయాను.

"మంచి పని చేసినవ్ బేటా," అంది. నన్ను మళ్ళీ గోడకు తగిలించింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పిలుపులకు అడ్డూ అదుపూ లేకుండా పోయింది. అమ్మీ చాయ్, అమ్మీ నా షర్ట్, మనవరాలి గొంతుతో దాదీ ఆకలి. సరిగ్గా అప్పుడే ఆమెకు నెలసరి ఆగే వయసు వచ్చింది. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు, నిద్రపట్టకపోవడం, అయినదానికీ కానిదానికీ కళ్ళనీళ్ళు. ఒకరోజు హాస్టల్లో కళ్ళు తిరిగి కూలబడితే, బస్తీ దవాఖానా నుంచి నర్సు ఎలీషమ్మ ఇంటికొచ్చి బీపీ చూసింది.

"జైతూనక్కా, నీ బీపీ సూస్తుంటే నాకే బుగులైతుంది. గోలీలు ఏస్కో, ఏస్కుంటనే రోజూ ఓ అర్ధగంట ఒక్కదానివే కూసో. కండ్లు మూసుకొని ఊపిరి మీద ధ్యాస పెట్టు. ఇంక వేరే పనొద్దు."

"కూసొని ఏం చెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దక్కా, గదే మందు. ఎన్నడన్న గట్ల నిమ్మళంగ కూసున్నవా?"

జైతూన్ కళ్ళు గోడ మీదికి, నా మీదికి వచ్చాయి. చెప్పు తల్లీ, ఇప్పుడైనా చెప్పు అని నేను ఎంత కొట్టుకున్నానో! ఆమె తల దించుకుని, "యాద్ లేదు సిస్టర్," అంది.

అయినా ప్రయత్నించింది, పాపం. మర్నాడు నా కిందే మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. కోడలు నస్రీన్ పరుగెత్తుకొచ్చింది. "అమ్మీ, ఏమైంది? తల నొస్తుందా?" ఏమీ లేదంటే, "ఖాళీగ ఉంటే ఈ ఎల్లిగడ్డలు ఒలువుండ్రి," అని పళ్ళెం ఒళ్ళో పెట్టింది. నస్రీన్‌దీ తప్పు లేదు. కళ్ళు మూసుకుని కూర్చున్న ఆడది ఆ అమ్మాయి లెక్కలో అయితే జబ్బుపడి ఉండాలి, లేకపోతే పనిలేక ఉండాలి. జైతూన్ కూడా బతుకంతా అలాగే అనుకుందేమో, కూర్చుని వెల్లుల్లి ఒలిచింది.

తర్వాతి శుక్రవారం అందరూ ఇంట్లోనే ఉన్నారు. సాయంత్రం పెళ్ళి ఉంది. భోజనాలయ్యాక జైతూన్ నన్ను గోడ మీంచి దించింది. పెరట్లోకి వెళ్ళి, మూలనున్న ఇనుప బొచ్చె బోర్లించి దుమ్ము దులిపి, చితుకులు వేసి అంటించింది. లోపలి నుంచి "దాదీ!" అని మనవరాలి కేక. వెంటనే నస్రీన్ గొంతు. "ష్, దాదీ డఫ్ కాస్తుంది. పిల్వకు." చూశారా, కట్టడి ఆ ఇంటి గోడల్లో ఇంకా బతికే ఉంది. నాకున్నది ఫైబర్ అని ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు.

ఇల్లు నిశ్శబ్దమైంది. జైతూన్ నన్ను నిప్పులకు ఎంతో దూరంగా పట్టుకుంది. ఆమెకు తెలుసండీ, అన్నీ తెలుసు! తెలుసు కాబట్టే అంత దూరంగా పట్టుకుంది. మెల్లగా తిప్పింది. భుజాలు దిగాయి. ఊపిరి మళ్ళీ పాత దారిలో పడింది. ఎన్నాళ్ళకు! ఎలీషమ్మ చెప్పినట్టు కళ్ళు మూసుకుంది. అక్కడే దెబ్బతిన్నాం. ఇన్నేళ్ళలో ఆమె ఏనాడూ కళ్ళు మూసుకుని కాచలేదు. సుఖంగా ఉండేసరికి చెయ్యి వదులై, నేను కొంచెం కొంచెంగా నిప్పుల మీదికి వంగాను. ఫైబర్ ముడుచుకుంది, కాలిన కంపు కొట్టింది, నడిమధ్య బొక్కపడింది. చట్రం కూడా ఒక పక్క మాడింది.

జాబిర్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మీ! ఇది ఫైబర్ కదా! కాచేదే లేదని చెప్పిన కదా, మర్సిపోయినవా?"

జైతూన్ కొడుకు ముఖం చూసింది, వెనకే నిలబడ్డ కోడల్ని చూసింది. కాసేపు కూర్చోవాలనిపించింది బేటా అనాలి, అంతే. ఆ మాట ఆమె పెదాల దాకా వచ్చింది, నేను కళ్ళారా చూశాను. పని ఉండి చేశానంటే సరే, తనకోసం చేశానని చెప్పుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

"అవు బేటా, మర్సిపోయిన," అంది.

ఇక చూడండి వాళ్ళ ప్రేమ! అమ్మీకి మతిమరుపు మొదలైందని పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశారు. హాస్టల్ పని మాన్పించారు. డాక్టర్‌కు చూపించారు. అన్నిటికీ మించి, ఆమెను ఒంటరిగా వదలొద్దని ఇంటిల్లిపాదీ ఒట్టు పెట్టుకున్నారు. స్నానానికి వెళ్ళినా తలుపు బయట ఒకరు.

జాబిర్ కొత్త డఫ్ కొన్నాడు. నన్ను పాత సామాన్లవాడికి వేయడానికి సంచిలో కుక్కి గుమ్మం పక్కన పెట్టారు. అక్కడి నుంచే మీతో మాట్లాడుతున్నాను. ఇందాక జైతూన్ ఎవరి కంటా పడకుండా బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. సంచిలోంచి నన్ను సగం పైకి లాగింది. మాడిన చట్రాన్ని తడిమి, తోలు ఉండాల్సిన చోట ఉంగరపు వేలితో ఒక దెబ్బ వేసింది. చెవి ఒగ్గి విన్నది. బొక్కలోంచి ఏం పలకమంటారు నన్ను? పలికే వీలుంటే గల్లీ అంతా వినబడేలా మోగేదాన్ని. ఆమె ఏదీ మర్చిపోలేదురా, కాసేపు కూర్చోవాలనుకుంది, అంతేరా అని.

లోపలి నుంచి నస్రీన్ కంగారుగా కేకేసింది. "అమ్మీ! ఒక్కరే బయటికెందుకు పోయిన్రు?"

జైతూన్ నన్ను సంచిలోకి నెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"మర్సిపోయిన బిడ్డా," అంటూ లోపలికి వెళ్ళిపోయింది.