గొర్రెల దీవి దారిలో కుక్క తాడు

నేను ఒక కుక్క తాడుని. పిరికిదాన్ని. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకూ మీకూ హాయి. తాడుకి భయమేమిటని నవ్వకండి. సముద్రంలో సగం ఒళ్ళు పోగొట్టుకున్న తాడుకి ఉంటుంది.

మొదట నేను స్కాట్లండు పడమటి తీరాన, మర్డో అనే జాలరి పడవను రేవుకి కట్టి ఉంచే మోకుని. చేయి తిరిగిన వాళ్ళు పేనిన మోకు, తెగదు అనేవారు. ఒక మార్చి నెలలో గాలివాన వచ్చి పడవను లాక్కుపోయింది. నేను మధ్యకి తెగిపోయాను. ఒక సగం రేవు గట్టున ఇనప కడియానికి వేలాడుతూ మిగిలింది. ఆ సగమే మీతో మాట్లాడుతున్నది. రెండో సగం పడవతో పాటు అడుగుకి పోయింది. అది పోతూ లాగిన లాగుడు నాకింకా గుర్తే. ఆనాటి నుంచి అల చప్పుడు వింటే నా పోగులన్నీ బిగుసుకుపోతాయి.

మర్డో ఏదీ పారేసే మనిషి కాదు. నన్ను రెండు బారల పొడవుకి కోసి, ఒక కొసని చేతిపట్టుగా మెలేసి కుట్టాడు. రెండో కొసని తన కుక్క హామిష్ మెడపట్టీకి కట్టాడు. కొక్కెం పెట్టలేదు. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి అవసరానికి తెరుచుకోదని ఆయన నమ్మకం. జాలర్లు వేసే జారుముడి వేసి, చిటికెనవేలంత కొస బయటికి వదిలాడు. ముడి ఎంత బిగిసినా ఆ కొస లాగితే చాలు, విడిపోతుంది.

హామిష్ నలుపూ తెలుపూ కలిసిన గొర్రెల కాపరి కుక్క. దాని వెంట నేను చూడని చోటు లేదు. కొండచరియల అంచులు, ఊదారంగు పూలపొదలు, మోకాలి దాకా దిగబడే బురదనేలలు, గొర్రెలు మనల్ని చూసి మొహం తిప్పేసుకునే రాళ్ళగోడల దారులు. అన్నిట్లోకీ నాకు కాళ్ళు వణికే చోటు, తాడుకి కాళ్ళుంటే, గొర్రెల దీవి. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి తగ్గితే ఒడ్డు నుంచి దీవి దాకా రాళ్ళదారి ఒకటి పైకి తేలుతుంది. దారి పొడుగునా ఇనప గుంజలు పాతి ఉంటాయి. పోటు మొదలైతే గుంజల తలలు తప్ప ఏమీ కనపడవు.

మర్డో ముసలివాడై వృద్ధాశ్రమంలో చేరాక హామిష్‌నీ నన్నూ అక్కడి నర్సుకి అప్పగించాడు. ఆమె పేరు హైమావతి, అమలాపురం పక్క అమ్మాయి. కుక్కనిచ్చే ముందు ఆయన ఆమె చేత జారుముడి పదిసార్లు కట్టించి పదిసార్లు విప్పించాడు. చేతకాని పిల్లని చూసినట్టు చూస్తున్నాడని ఆవిడకి చిన్నతనం వేసింది కానీ, నేర్చుకుంది.

ఆమె భర్త పల్లంరాజు గాలిమరల ఇంజనీరు. సముద్రం మీద గాలి ఎంత వేగంతో వీస్తుందో దశాంశాలతో సహా చెప్పగల మనిషి. ఇంట్లో మాత్రం వంటగది గోడకి అమలాపురం బట్టల కొట్టువాళ్ళ క్యాలెండరు వేలాడుతుంది. ఏ పని మొదలుపెట్టాలన్నా దానిలో రాహుకాలం చూడాల్సిందే. అది కోనసీమ పొద్దుకి వేసిన లెక్క, జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురుండే ఈ దేశంలో ఎలా కుదురుతుందని హైమావతి ఒకసారి అడిగింది. రాహువుకి ఊళ్ళతో పనేమిటన్నాడు. ఓసారి తొందరలో రాహుకాలంలో కారు కొన్నారు. రెండో వారంలోనే ఒక జింక వచ్చి దానికి గుద్దుకుంది. ఆ తర్వాత ఆమె కూడా వాదించడం తగ్గించింది.

అది జూన్ నెల ఆదివారం. మధ్యాహ్నం ఆటులో ముగ్గురూ దీవికి నడిచారు. సాయంత్రం ఐదుంపావు దాటితే దారి మునుగుతుందని ఒడ్డున పలక మీద రాసుంది. హైమావతి రెండుసార్లు చదువుకుంది. పులిహోర తిన్నారు. పల్లంరాజు గడ్డిలో వాలి కునుకు తీశాడు. హామిష్ సీగల్ పిట్టల వెంట పడింది. ఆమె గడియారం చూసేసరికి నాలుగూ ముప్పై ఐదు. భర్తని తట్టి లేపింది.

ఆయన కళ్ళు నులుముకుని గడియారం చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు. "నాలుగున్నర దాటిపోయింది హైమా. ఇప్పుడు కదిలితే రాహుకాలంలో కదిలినట్టే. ఆరు దాకా ఆగుదాం. నీళ్ళెక్కడో ఉన్నాయి."

"నీళ్ళు పంచాంగం చూసుకుని రావండీ" అంది హైమావతి.

అంది కానీ లేవలేదు. జింక గుర్తొచ్చిందని నాకు తెలుసు. నా పట్టుని గట్టిగా బిగించిన చేతికి చెమట పట్టింది. గంటన్నర సేపు నేను రాళ్ళ మీదికి పాకివచ్చే తెల్లటి నురగ గీతని చూస్తూ కూర్చున్నాను. చెప్పడానికి నోరుంటే అరిచేదాన్ని. కంటికి కనపడని రాహువుకి భయపడే మనుషులున్నారే, కళ్ళ ముందున్న నీళ్ళకి మాత్రం భయపడరు.

సరిగ్గా ఆరింటికి బయల్దేరారు. దారి అప్పటికే కనబడటం లేదు. పాదాలు మునిగే నీళ్ళేలే అనుకున్నారు. దీవి మీద ఫోను పనిచేయదు, తలదాచుకోవడానికి గోడ లేదు, మళ్ళీ నీళ్ళు తగ్గేది అర్ధరాత్రి దాటాకే. వెళ్ళిపోవడమే మేలనుకున్నారు. మూడో గుంజ దగ్గర నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. ఐదో గుంజ దగ్గర నడుముకొచ్చాయి. చలికి హైమావతి పళ్ళు టకటక కొట్టుకోవడం నాకు వినిపించింది. అప్పుడు పెద్ద అల ఒకటి పక్కనుంచి వచ్చి హామిష్‌ని ఎత్తేసింది.

అది ఈదడం మొదలుపెట్టింది. నీటివడి దాన్ని గుంజ అవతలికి తోసింది, నన్ను గుంజకి రెండు చుట్లు చుట్టేసింది. హైమావతి భయంతో నన్ను తన వైపు లాగింది. లాగేకొద్దీ నేను బిగిశాను, బిగిసేకొద్దీ హామిష్ తల నీళ్ళలోకి దిగింది. కాపాడటానికి కట్టిన తాడుని, దాన్ని ముంచుతున్నాను. నా రెండో సగం పడవతో పోయిన రోజు కూడా ఇంత భయపడలేదు. తెగిపోదామని చూశాను. తెగలేదు. పాడు మోకుని, గట్టిగా పేనారు.

"వదిలెయ్యి హైమా, ముందు నువ్వు రా" అని పల్లంరాజు ఆమె భుజం పట్టి లాగాడు. ఆయన గొంతులో ఏడుపుంది.

ఆమె విదిలించుకుంది. గుంజ దగ్గరికి వెళ్ళి, గడ్డం దాకా నీళ్ళలో వంగి, హామిష్ మెడ దగ్గర వెతికింది. వేళ్ళు మొద్దుబారి ముడిని దాటిపోయాయి. మళ్ళీ వెతికింది. చిటికెనవేలంత కొస దొరికింది. లాగింది.

నేను వదిలేశాను.

హామిష్ దగ్గుతూ పైకి తేలి ఒడ్డుకేసి ఈదింది. తిన్నగా కాదు, ఎడమ పక్కగా వంపు తిరిగి. మర్డోతో ఎన్నో ఆదివారాలు నడిచిన కుక్క, గట్టినేల ఎటుందో దానికి తెలుసు. పల్లంరాజు భార్య నడుము చుట్టూ చేయి వేసి, కుక్క వెళ్ళిన దారినే పట్టాడు. నీళ్ళు నడుముకి దిగాయి, మోకాళ్ళకి దిగాయి. ఒడ్డున ముగ్గురూ ఒకరిమీద ఒకరు పడిపోవడం దూరంనుంచి చూశాను. తర్వాత గుంజకి బిగుసుకుపోయి ఉన్న నన్ను నీళ్ళు కప్పేశాయి.

మరుసటి ఆదివారం ఆటులో వచ్చారు. జరిగింది చెబితే మర్డో "ముడి విడిందా?" అని ఒక్క మాటే అడిగాడట. పల్లంరాజు నన్ను గుంజనుంచి విప్పబోతే హైమావతి ఆపింది.

"ఉండనివ్వండి. దీవి మీంచి కనపడుతుంది కదా. దీని కొసకి నీళ్ళు తగిలాయంటే మనం లేవాలి."

నా కొసని కిందికి వేలాడేలా సర్ది, పైన గట్టిగా ముడి వేసింది. అదీ నా ఉద్యోగం. రోజుకి రెండుసార్లు మునుగుతాను, రెండుసార్లూ భయపడతాను. అలవాటవుతుందన్నారు. కాలేదు.

మొన్న ఆదివారం ముగ్గురూ దీవి మీద ఉండగా నీళ్ళు తొందరగా వచ్చాయి. నా కొస తేలి ఊగడం మొదలైంది. హామిష్ చూసి మొరిగింది. హైమావతి బుట్ట సర్దుకుని లేచేసరికి పల్లంరాజు అప్పటికే చెప్పులు చేతపట్టుకుని రాళ్ళ మీదికి దిగాడు. ఐదో గుంజ దగ్గర ఆగి, గుళ్ళో గంట అందుకున్నట్టు నన్నొకసారి ముట్టుకుని, వెనక వస్తున్న భార్యకి చేయి అందించాడు. గడియారం చూసుకోలేదు. అప్పటికి రాహుకాలం మొదలై పది నిమిషాలైంది.