గోడ లేని వేసవి

కొండ మీది ఆ వీధిలో ఇళ్ళకు నంబర్లున్నా ఎవరూ వాటిని వాడేవారు కాదు. ఈతకొలను ఉన్న ఇంటిని నీలిల్లు అనీ, పెరట్లో గాజు పందిరి వేసుకున్న పక్కింటిని అద్దాలిల్లు అనీ పిలిచేవారు. ఆ పేర్లే ఇల్లాళ్ళకూ అంటుకున్నాయి.

నీలింటావిడకు సొంతంగా అత్తర్ల కంపెనీ ఉంది. ఏ సీసా బజారులోకి వెళ్ళాలన్నా ముందు ఆవిడ ముక్కు ఒప్పుకోవాలి. అద్దాలింటావిడ కళ్ళ డాక్టరు. ఆసుపత్రి ఆవిడదే, మాట కూడా ఆపరేషను కత్తిలాగే పదును. ఒకరు కొలనులో దీపాలు వదిలి విందు చేస్తే, రెండోవారు ఆ మరుసటి వారమే గాజు పందిరి కింద సంగీత కచేరీ పెట్టించేవారు. ఒకరింటికి కొత్త పరదాలు వస్తే రెండో ఇంట్లో పాత పరదాలకు రోజులు చెల్లినట్టే. ఎదురుపడితే మాత్రం "బావున్నారా అండీ", "బావున్నామండీ" అనుకుంటూ ఒకరి చీరనొకరు పైనుంచి కిందికి చూసుకునేవారు.

"మీ పోటీ పుణ్యమా అని నాకు వారానికో విందు. కానివ్వండమ్మా, కానివ్వండి," అనేది నీలింటావిడ అత్తగారు.

వేసవి మొదట్లో ఒక అకాల వర్షం రాత్రంతా కురిసింది. తెల్లారేసరికి రెండు ఇళ్ళ మధ్యనున్న పాత రాతిగోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా కూలిపోయి ఉంది. కొత్త గోడ తెల్లరాయితో కట్టాలని నీలింటావిడ, ఎర్ర ఇటుకతో కట్టాలని డాక్టరు పట్టుబట్టారు. మేస్త్రీ కాసేపు ఆవిడ వైపు, కాసేపు ఈవిడ వైపు చూశాడు.

"ముందు మీరిద్దరూ ఒక మాట మీదకి రండమ్మా. తర్వాత నేనొస్తా," అని రాళ్ళెత్తించుకుని వెళ్ళిపోయాడు.

ఆ వేసవంతా గోడ లేకుండానే గడిచింది.

తెల్లవారుజామున అటుపక్క నుంచి ఒక పరిమళం నీలింటి పడకగది దాకా రావడం మొదలైంది. తేనెలా ఉండి, చివర్లో కాస్త మిరియపు ఘాటు. గోడ ఉన్నన్నాళ్ళూ అది గాలివాటుగా ఎప్పుడో ఒకసారి తగిలేది. ఇప్పుడు కిటికీ తెరిస్తే చాలు, గది నిండిపోయేది. నీలింటావిడకు నిద్ర పట్టేది కాదు. లేచి వెళ్ళి కొలను గట్టు మీద కూర్చుని, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆ గాలి పీల్చేది. నీళ్ళ మీద పలచగా పొగమంచు తేలుతూ ఉండేది.

డాక్టరు గాజు పందిరిలోంచి రోజూ ఇది చూస్తూ ఉంది. ఒకరోజు ఉండబట్టలేక గట్టు దాకా వచ్చేసింది.

"రోజూ కాళ్ళు ముంచి లేచిపోతారేం? నీళ్ళు అంత చల్లగా ఉన్నాయా?"

నీలింటావిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాకు ఈత రాదు. ఎవరికైనా చెప్పారో, ఊరుకోను."

"ఇంత కొలను పెట్టుకునా?"

"కట్టగానే నేర్చుకుందామనుకున్నా. ఈలోపు అందర్నీ పిలిచి విందు చేసేశాను. ఆ తర్వాత రాదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

డాక్టరు నవ్వుతుందేమోనని చూసింది. ఆవిడ నవ్వకుండా చెప్పులు విడిచి, కట్టుబట్టలతోనే మెట్లు దిగి నడుము లోతున నిలబడింది. "నేను నది ఒడ్డున పుట్టిపెరిగినదాన్ని. కొలను తవ్వించాలని నాకూ ఉండేది. మీరు ముందు తవ్వించేశారు. కాపీ కొట్టిందంటారని అద్దాలు కట్టించుకున్నా. రండి, దిగండి."

అలా మొదలైంది. సూర్యుడు రాకముందే ఇద్దరూ నీళ్ళలో ఉండేవారు. "పైకి చూడండి. నా చెయ్యి వీపు కిందే ఉంది," అనేది డాక్టరు. నీలింటావిడ బిగుసుకుపోయి, నీళ్ళు మింగి, దగ్గి, తిట్టుకుని, మళ్ళీ వెల్లకిలా పడుకునేది. ఒక ఉదయం ఆకాశంలో గులాబిరంగు మబ్బు ఒకటి కరిగిపోవడం చూస్తూ చూస్తూ ఉండగా డాక్టరు గొంతు దూరం నుంచి వినిపించింది.

"నా చెయ్యి తీసేసి ఎంతసేపైందో తెలుసా?"

"చంపేస్తావా నన్ను!" అని అరిచింది నీలింటావిడ. కానీ మునగలేదు. ఆ అరుపుతోనే 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

తర్వాత డాక్టరు ఆవిడను గాజు పందిరిలోకి తీసుకెళ్ళింది. మూలన ఒంటరిగా ఒక గులాబీ పొద. పూలు మీగడ రంగులో ఉన్నాయి. ఏళ్ళ తరబడి రకానికి రకం కలిపి తనే పుట్టించుకున్నది. "దీనిలోంచి ఒక్క పువ్వు కూడా ఎవరికీ ఇవ్వలేదు. మా ఆయనక్కూడా," అంది.

నీలింటావిడ వంగి, ఆ తేనె పరిమళం పీలుస్తూ చాలాసేపు లేవలేదు.

ఆ మధ్యాహ్నం నుంచే ఫ్యాక్టరీలో తన గది తలుపు వేసుకుని పని మొదలుపెట్టింది. ముక్కుకు గుర్తున్న దాన్ని చుక్కచుక్కగా పట్టుకోవడం ఆవిడకు ఊపిరి లాంటిది. డాక్టరుకు చెప్పాలని రోజూ అనుకునేది. రోజూ ఈత అయ్యాక ఒళ్ళు తుడుచుకుంటూ మాట మింగేసేది.

చివరికి అత్తగారే నోరు జారింది. డాక్టరుతో పేకాడుతూ, ఆట గెలిచిన హుషారులో, "మా కోడలు మీ గులాబీని సీసాలో దించేసిందమ్మా! వచ్చే నెలే బజారులోకి. మీకు చెప్పలేదూ?" అంది.

డాక్టరు చేతిలో ముక్కలు బోర్లా పెట్టేసి లేచింది.

సాయంత్రం నీలింటావిడ ఇంటికొచ్చేసరికి పెరట్లో మేస్త్రీ మనుషులున్నారు. తెల్లరాయి, అచ్చం తను కోరిన రాయే, మోకాలెత్తు లేచింది. "డాక్టరమ్మే కబురు పెట్టారు. మీకు ఏ రాయి కావాలంటే అదే వెయ్యమన్నారు," అన్నాడు మేస్త్రీ. గెలిచిన సంతోషం ఆవిడకు ఇసుమంత కూడా కలగలేదు.

రాళ్ళు దాటుకుని వెళ్ళింది. డాక్టరు గాజు పందిరిలో ఎండుటాకులు ఏరుతోంది.

"రండి. కూర్చోండి," అంది, తల తిప్పకుండానే.

"అలా పిలవకు."

"ఎలా పిలవమంటారు? అడిగి తీసుకునేవాళ్ళని ఒకలా పిలుస్తారు, అడక్కుండా తీసుకునేవాళ్ళని ఇంకోలా."

నీలింటావిడ సంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్కసారి చూడు. తర్వాత తిట్టు."

డాక్టరు ఇంకో నాలుగు ఎండుటాకులు ఏరింది. చివరికి మణికట్టు మీద ఒక చుక్క రాసుకుంది. మొదట గులాబీ వచ్చింది. అది నెమ్మదిగా పలచబడి, దాని వెనక నుంచి తడిరాయి, పొగమంచు, చల్లటి నీళ్ళు వచ్చాయి. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది నా పువ్వు కాదే. పొద్దున్నే మీ గట్టు మీద కూర్చున్నట్టుంది."

"పువ్వు కోసమే మొదలుపెట్టా. అదొక్కటీ సీసాలో నిలవలేదు, చచ్చిపోయినట్టుండేది. మన తెల్లవారుజాములు కలిపాకే ప్రాణం వచ్చింది. అడగాల్సింది. అడిగితే వద్దంటావని భయం."

"వద్దనేదాన్నే."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ వద్దు. ఇది కొట్లో అమ్మే వస్తువా? దారినపోయే ప్రతి మనిషీ నా తెల్లవారుజాము పూసుకు తిరగాలా?"

నీలింటావిడ వాదించలేదు. మర్నాడే ఫ్యాక్టరీలో ఆ సీసాలు ఆపించింది. కంపెనీ మేనేజరు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. రెండు పెద్ద సీసాలు మాత్రం ఇంటికి తెచ్చి ఒకటి డాక్టరు చేతిలో పెట్టింది. మాట ఎక్కడా పొక్కకుండా అత్తగారికొక చిన్న సీసా ముట్టజెప్పక తప్పలేదు.

గోడ మోకాలెత్తు దగ్గరే ఆగిపోయింది. కూర్చోవడానికి బావుందని ఇద్దరూ దాన్ని అలాగే వదిలేశారు.

వేసవి చివరి విందుకు ఇద్దరూ ఒకే పరిమళంతో వచ్చారు. వీధిలోని ఆడవాళ్ళంతా ముక్కులెగబీలుస్తూ చుట్టూ చేరారు. ఏ కంపెనీదండీ, ఎక్కడ దొరుకుతుందండీ అని ఒకటే గోల.

"మా మేనత్త సముద్రం అవతలి నుంచి పంపింది," అంది డాక్టరు.

"సన్యాసినులు తయారు చేస్తారట. కొండ గుహలో," అంది నీలింటావిడ.

కాసేపటికి ఇద్దరూ చెప్పులు చేత పట్టుకుని పచ్చిక మీదకు జారుకున్నారు. సాయంకాలపు వెలుగు ఇంకా చెట్ల కొనల మీద నిలిచి ఉంది.

"మేనత్తా? కాస్త మంచి అబద్ధం దొరకలేదా నీకు?" అంది నీలింటావిడ.

"నీ సన్యాసినులకంటే నయమే. ఎవరు నమ్ముతారు?"

"ముగ్గురు అడ్రసు అడిగారు తెలుసా!"

"నన్ను నలుగురు అడిగారు," అంది డాక్టరు.